గుర్తు మారుతుందట – ఎందుకని అడక్కూడదట!

కిందటి వేసవి సెలవుల్లో మా పక్కింటాయన నన్నొక వేదగణితం శిక్షణా తరగతికి లాక్కెళ్ళారు. "మాస్టారూ, మీ హేతువాదులకి ప్రతిదాన్నీ కాదనడం అలవాటు. ఇది బాబాల సంగతీ కాదు, తాయెత్తుల సంగతీ కాదు. శుద్ధ లెక్కలు. ఒక్కసారి వచ్చి చూసి, తప్పుంటే చెప్పండి" అన్నారు. ఆయన కొడుకు ఎనిమిదో తరగతి. ఫీజు అప్పటికే కట్టేశారు. సరే, వెళ్ళాను.

హాలు నిండా పిల్లలు, వెనక వరసల్లో తల్లిదండ్రులు. శిక్షకుడు ముందుగా సరస్వతీ ప్రార్థన చేయించి, 98ని 97తో క్షణంలో గుణించి 9506 అని రాసి చూపించాడు. చప్పట్లు మోగిపోయాయి. తర్వాత బీజగణితంలోకి దిగాడు. "మీ స్కూలు పద్ధతిలో అయిదు మెట్లు. మన ఋషుల పద్ధతిలో ఒకటే మెట్టు. సూత్రం పేరు 'పరావర్త్య యోజయేత్'. అటుది ఇటు మార్చు, గుర్తు మార్చు, జవాబు రాయి!" అంటూ బోర్డు మీద నాలుగైదు లెక్కలు చకచకా చేసి, ఆపైన ఇది రాశాడు:

−3య = 12

(ఎక్స్ బదులు 'య' అని రాస్తున్నాను. ఛాందసం అనుకోకండి, కారణం ముందు ముందు చెబుతాను.)

మా పక్కింటి కుర్రాడు లేచి టక్కున "నాలుగు సార్" అన్నాడు.

"తప్పు. మైనస్ నాలుగు."

"అటు వెళ్తే గుర్తు మారుతుందన్నారు కదా సార్? మైనస్ మూడు అటు వెళ్ళి ప్లస్ మూడు అయింది. పన్నెండుని మూడుతో భాగిస్తే నాలుగు."

"గుణకారంలో గుర్తు మారదు బాబూ."

"ఎందుకు మారదు సార్?"

"ముందు సూత్రం కంఠస్థం చెయ్యి. ఎందుకు అన్నది దానంతటదే తెలుస్తుంది" అని శిక్షకుడు తర్వాతి లెక్కకి వెళ్ళిపోయాడు. పిల్లలు నవ్వారు. కుర్రాడు కూర్చున్నాడు. మా పక్కింటాయన తల దించుకున్నారు.

ఆ పూట ఆ హాల్లో వినిపించిన ఒకే ఒక్క గణిత ప్రశ్న అది. దాన్ని అడిగినవాడు తప్పు చేసినవాడిలా కూర్చోవలసి వచ్చింది. నాకు కోపం వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ అందుకే రాస్తున్నాను.

మంత్రం ఎవరిదైనా మంత్రమే

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. "పక్షం మారితే గుర్తు మారుతుంది" అని నేనూ బోర్డు మీద వందలసార్లు రాశాను. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అని పిల్లల చేత పాట పాడించాను. ఎందుకు అని అడిగిన పిల్లల్ని "పరీక్షల టైములో ఇవన్నీ వద్దు" అని కూర్చోబెట్టాను. అంటే ఆ శిక్షకుడు చేసిన పని నేను ఎన్నో ఏళ్ళు చేశాను. కాకపోతే నేను ఇంగ్లీషు మీడియం గైడు పేరు చెప్పాను, ఆయన అథర్వవేదం పేరు చెప్పాడు. అంతే తేడా.

మంత్రం సంస్కృతంలో ఉంటే మూఢత్వం, పాఠ్యపుస్తకంలో ఉంటే చదువు అని మనం అనుకోకూడదు. కారణం తెలియకుండా పఠించేది ఏదైనా మంత్రమే. మంత్రానికి ఉన్న జబ్బు ఏమిటంటే, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో పఠించేవాడికి తెలియదు. మా కుర్రాడు చేసింది సరిగ్గా అదే. గురువు చెప్పిన మంత్రాన్ని నమ్మకంగా పఠించాడు, తప్పు జవాబు వచ్చింది.

ఇప్పుడు మంత్రం లేకుండా చేద్దాం. సమీకరణం అంటే తక్కెడ. రెండు పళ్ళాలూ సమంగా ఉన్నాయి. ఒక పళ్ళెంలో ఏం చేస్తే రెండో పళ్ళెంలోనూ అదే చేయాలి. ఇంతకు మించి నియమం లేదు.

−3య = 12. ఎడమవైపు మైనస్ ఇబ్బందిగా ఉంది. రెండువైపులా 3య కలపండి. ఎడమవైపు సున్నా, కుడివైపు 12 + 3య. ఇప్పుడు రెండువైపులా 12 తీసేయండి. −12 = 3య. రెండువైపులా 3తో భాగించండి. య = −4.

ఇందులో ఏ పదమూ కాళ్ళు వచ్చి 'అటు' నడిచి వెళ్ళలేదు. ఏ గుర్తూ దానంతటది మారలేదు. కలపడం, తీసేయడం, భాగించడం, అంతే. య + 5 = 12లో 5 'అటు వెళ్ళి' −5 అయిందని మనం అంటాం. నిజానికి జరిగింది రెండువైపులా 5 తీసేయడం. −3య లో −3 కూడిక కాదు, గుణకం. దాన్ని వదిలించుకోవాలంటే −3తోనే భాగించాలి. కుర్రాడి ప్రశ్నకి జవాబు ఈ రెండు వాక్యాలే. చెప్పడానికి అర నిమిషం పట్టదు. అరనిమిషం కూడా లేని తొందర ఎందుకో!

పైగా వాడి జవాబు తప్పని చెప్పడానికి గురువు అవసరం కూడా లేదు. య స్థానంలో 4 పెట్టి చూడమంటే సరిపోయేది. −3 × 4 = −12. మనకి కావలసింది 12. కనక 4 కాదు. −4 పెడితే 12 వస్తుంది. కనక −4. ఇక్కడ ఋషి మాట అక్కర్లేదు, మాస్టారి మాట అక్కర్లేదు. పిల్లవాడు ఒంటరిగా కూర్చుని తనంతట తాను తేల్చుకోగల సత్యం ఇది. ప్రపంచంలో ఇలాంటి సత్యాలు చాలా తక్కువ. దాన్ని కూడా గురుముఖతః నేర్పుతామనడం ఏం న్యాయం?

చప్పట్ల వెనక ఉన్న ఆరు కుర్చీలు

ఇక మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?

ఆ హాల్లోనే దీనికి జవాబుంది. 10 వరసలు, వరసకి 10 కుర్చీలు వేశారనుకోండి. మొత్తం 100. వెనకనుంచి 2 వరసలు తీసేశారు, 20 కుర్చీలు పోయాయి. పక్కనుంచి 3 నిలువు వరసలు తీసేశారు. ఒక్కో నిలువు వరసకి 10 చొప్పున 30 పోయాయని లెక్క వేస్తే 100 − 20 − 30 = 50. కానీ లెక్కపెట్టి చూస్తే హాల్లో 8 వరసలు, వరసకి 7 కుర్చీలు, అంటే 56 ఉన్నాయి. ఆరు కుర్చీలు ఎక్కడివి? వెనక మూలలో ఉన్న 2 × 3 = 6 కుర్చీలని మనం రెండుసార్లు తీసేసినట్టు లెక్కవేశాం. ఒకసారి వరసల్లో, ఒకసారి నిలువుల్లో. కనక ఆ ఆరింటినీ తిరిగి కలపాలి. (10 − 2)(10 − 3) విప్పినప్పుడు చివర వచ్చే (−2) × (−3) ఆ మూల కుర్చీలే. అది +6 కాకపోతే లెక్క హాలుతో సరిపోదు.

కుర్చీల బొమ్మ అక్కర్లేదనేవాళ్ళకి ఇంకో దారి. 3 + (−3) = 0. రెండువైపులా −2తో గుణించండి. (−2)(3) + (−2)(−3) = 0. మొదటిది −6. సున్నా రావాలంటే రెండోది +6 అయి తీరాలి. సంఖ్యల కూడిక, గుణకారం మనకి తెలిసిన తీరులోనే నడవాలంటే వేరే దారి లేదు. ఇది దైవాజ్ఞ కాదు. తర్కం నుంచి తప్పించుకోలేని ఫలితం.

ఇప్పుడు శిక్షకుడి గారడీకి రండి. 98 × 97. 98 అంటే 100 − 2. 97 అంటే 100 − 3. నూరులోంచి 2, 3 తీసేస్తే 95. పక్కన 2 × 3 = 06. జవాబు 9506. చప్పట్లు ఏ 06కి కొట్టారో చూశారా? అదే (−2) × (−3). మూల కుర్చీలు! ఆయన గారడీ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. పిల్లవాడు అడిగింది ఆ పునాది గురించే. ఆయన జవాబు చెప్పలేదు. విభూతి రాల్చే బాబా వేళ్ళ సందున ఏముందో చూడనివ్వడు. ఈయనా అంతే.

పరిశిష్టం ఏదండీ?

ఈ పదహారు సూత్రాల చరిత్ర కొత్తవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. 'వేదగణితం' పుస్తకం రాసినవారు పూరీ గోవర్ధన పీఠాధిపతి భారతీకృష్ణ తీర్థ. ఆయన 1884లో పుట్టి 1960లో చనిపోయారు. పుస్తకం అచ్చయింది 1965లో. అందులో 16 సూత్రాలు, 13 ఉపసూత్రాలు. అవి అథర్వవేద పరిశిష్టంలోవని స్వామివారు చెప్పారు.

1950లో స్వామివారు లక్నో వచ్చినప్పుడు, భారతీయ గణిత చరిత్రలో పండితుడైన కె.ఎస్. శుక్లా అచ్చయిన అథర్వవేద పరిశిష్టాల ప్రతి పట్టుకెళ్ళి, సూత్రాలు ఇందులో ఎక్కడున్నాయో చూపించమని అడిగారు. అవి ఈ పరిశిష్టంలో లేవు, నా పరిశిష్టంలో ఉన్నాయి అన్నది స్వామివారి జవాబు. ఆ తర్వాత పుస్తకానికి సంపాదకత్వం వహించిన వి.ఎస్. అగ్రవాలా కూడా, తెలిసిన పరిశిష్టాల్లో ఈ సూత్రాలు లేవనీ, భాషని బట్టి చూసినా స్వామివారు తామే కనుక్కున్నట్టుందనీ, ఈ గ్రంథాన్నే కొత్త పరిశిష్టంగా భావించవచ్చనీ ముందుమాటలో రాశారు. అంటే వేదంలో లేవని పుస్తకం ముందుమాటే ఒప్పుకుంది! ఇది మన బోటి నాస్తికులు కనిపెట్టిన కుట్ర కాదు. గణితజ్ఞుడు ఎస్.జి. దాని ఈ విషయాలన్నీ 1990ల నుంచి ఓపిగ్గా రాస్తూనే ఉన్నారు.

వైదిక వాఙ్మయంలో గణితం లేదని నేననను. శుల్బసూత్రాలున్నాయి. యజ్ఞవేదికలు కట్టడానికి తాడుతో కొలిచే జ్యామితి అది. లంబకోణ త్రిభుజపు సంబంధం అందులో ఉంది. అది నిజమైన ఘనత. వేదగణితం ప్రచారకులకి ఆ శుల్బసూత్రాల ఊసే పట్టదు. అవి చదవాలంటే శ్రమపడాలి మరి.

సరే, పుట్టుక సంగతి వదిలేద్దాం. గుణం చూద్దాం. బీజగణితంలో ఆ పుస్తకం బాగా ప్రదర్శించే సూత్రాల్లో ఒకటి 'శూన్యం సామ్యసముచ్చయే'. దాని కింద ఇలాంటి లెక్క ఒకటి:

(య − 3)/(య − 5) = (య − 5)/(య − 3)

లవాల మొత్తం 2య − 8. హారాల మొత్తం కూడా 2య − 8. రెండూ సమానం కనక దాన్ని సున్నా చెయ్యి. య = 4. క్షణంలో జవాబు! నిజమే, సరైన జవాబే. కానీ ఎందుకు? అడ్డంగా గుణిస్తే (య − 3)² = (య − 5)². వర్గాలు సమానమైతే ఆ రెండు రాశులూ సమానమన్నా కావాలి, ఒకటి రెండోదానికి ఋణమన్నా కావాలి. సమానం ఎలాగూ కావు, తేడా 2 ఉంది. కనక మొత్తం సున్నా. అయిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే విషయం.

ఇప్పుడు ఒక్క గుర్తు మార్చండి:

(య − 3)/(య − 5) = (య + 5)/(య − 3)

లవాల మొత్తం 2య + 2. హారాల మొత్తం 2య − 8. సమానం కాదు. సూత్రం మూగబోయింది! మన బడి పద్ధతికి మాత్రం ఏమీ కాలేదు. అడ్డంగా గుణిస్తే య² − 6య + 9 = య² − 25. అంటే −6య = −34. య = 17/3. పెట్టి చూసుకోండి, రెండువైపులా 4 వస్తుంది.

తాళానికి తగ్గట్టు చెవి చేయడం పనితనం. చెవికి తగ్గట్టు తాళాలు పోగుచేసి, చూడండి మా చెవి అన్నిటినీ తెరుస్తుంది అనడం గారడీ. 'సముచ్చయం' అన్న ఒక్క మాటకే ఆ పుస్తకం ఒక్కోచోట ఒక్కో అర్థం చెబుతుంది. ఒకచోట మొత్తం, ఒకచోట స్థిరపదాల లబ్ధం, ఇంకోచోట మరొకటి. జోస్యం చెప్పేవాడి శ్లోకం కూడా ఇలాగే ఉంటుంది. ఏం జరిగినా అందులో ఉన్నట్టే!

అసలు వారసత్వాన్ని మరుగుపరిచింది ఎవరు?

"మీకు మన సంస్కృతి అంటే ద్వేషం" అన్నది మన మీద పాత నింద. అందుకే 'య' సంగతి ఇప్పుడు చెబుతాను.

మనం ఈనాటికీ ధనం, ఋణం, బీజగణితం, సమీకరణం అంటున్నాం. ఈ మాటలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి? క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' రాశాడు. అప్పటికి ఆయనకి 30 ఏళ్ళు. ఊరు ఈనాటి రాజస్థాన్‌లోని భిన్‌మాల్. ఆ గ్రంథం 18వ అధ్యాయంలో ధన, ఋణ, శూన్యాల కూడిక, తీసివేత, గుణకార, భాగహార నియమాలు వరసగా ఉన్నాయి. రెండు ఋణాల లబ్ధం ధనం, శూన్యంలోంచి ఋణం తీసేస్తే ధనం అని స్పష్టంగా చెప్పాడు. తెలియని రాశిని 'యావత్ తావత్' అని, పొట్టిగా 'యా' అని రాయడం మన పాత గణితజ్ఞుల అలవాటు. నా 'య' అక్కడిది. 9వ శతాబ్దపు వ్యాఖ్యాత పృథూదకస్వామి 10య − 8 = య² + 1 అన్న సమీకరణాన్ని రెండు పక్షాలూ ఒకదాని కింద ఒకటి పెట్టి, లేని పదం దగ్గర సున్నా వేసి, ఋణసంఖ్య మీద చుక్క పెట్టి రాసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. సర్దితే య² − 10య = −9. రెండువైపులా 25 కలిపితే (య − 5)² = 16. య = 9. (1 కూడా సరిపోతుంది.) గుణకం ఋణమైనా, స్థిరపదం ఋణమైనా ఒకే పద్ధతి. ఇదీ ఘనత!

ఎందుకు ఘనతో తెలియాలంటే పక్కవాళ్ళని చూడాలి. 820 ప్రాంతంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఋణ గుణకాలని ఒప్పుకోలేదు కనక మొదటి, రెండో ఘాత సమీకరణాలనే ఆరు రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికి ఒక్కో పద్ధతి చెప్పవలసి వచ్చింది. 1545లో ఇటలీలో కార్డానో ఘనసమీకరణాలకి కూడా అదే పాట్లు పడ్డాడు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసరెస్ అనే ఆయన 1758లో ఋణసంఖ్యల వాడకాన్ని విమర్శిస్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. మా కుర్రాడికి మైనస్ దగ్గర తడబాటు వస్తే నవ్వినవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. మహామహులు తడబడిన చోటే వాడూ తడబడ్డాడు.

అయితే 'ప్రపంచానికి మనమే మొదట నేర్పాం' అని జబ్బలు చరుచుకునేవాళ్ళకి ఒక చేదు నిజం. చైనావాళ్ళ 'తొమ్మిది అధ్యాయాలు' అనే ప్రాచీన గణిత గ్రంథంలో ఋణ గుణకాలున్న సమీకరణ వ్యవస్థలున్నాయి. 263లో దానికి వ్యాఖ్య రాసిన లియూ హుయి ధనానికి ఎర్ర పుల్లలు, ఋణానికి నల్ల పుల్లలు వాడాలని చెప్పాడు. బ్రహ్మగుప్తుడికి మూడున్నర శతాబ్దాల ముందు! దీనివల్ల బ్రహ్మగుప్తుడు చిన్నవాడైపోడు. సత్యం ఒక జాతి సొత్తు కాదని తెలుస్తుంది, అంతే.

బ్రహ్మగుప్తుడు కూడా దేవుడు కాదు. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యం అన్నాడు. అది తప్పు. అంతకంటే పెద్ద సంగతి, గ్రహణానికి రాహువు కారణం కాదన్న ఆర్యభటుడి మీద, వేదస్మృతులకి విరుద్ధమని విరుచుకుపడ్డాడు. గ్రహణం లెక్క కట్టేటప్పుడు మాత్రం భూమి నీడతోనే కట్టాడు! ఈ రెండు నాల్కల తీరుని 11వ శతాబ్దంలోనే అల్ బిరూనీ ఎత్తిచూపాడు. మనం బ్రహ్మగుప్తుడి రాహువుని వదిలేసి ఋణసంఖ్యల్ని ఎందుకు ఉంచుకున్నాం? ఆయన గొప్పవాడనా? కాదు. ఒకటి పరీక్షకి నిలబడింది, ఇంకొకటి నిలబడలేదు.

1150లో భాస్కరుడి 'బీజగణితం'లో కోతుల లెక్క ఒకటుంది. గుంపులో అయిదో వంతుకి మూడు తక్కువ చేసి, దాని వర్గమంత కోతులు గుహలోకి వెళ్ళాయి. ఒకటి కొమ్మ మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని? (య/5 − 3)² + 1 = య. సర్దితే య² − 55య + 250 = 0. జవాబులు 50, 5. రెండూ సమీకరణానికి సరిపోతాయి. కానీ 5 తీసుకుంటే అయిదో వంతు 1, దానికి మూడు తక్కువంటే −2 కోతులు. లోకం ఒప్పుకోదని భాస్కరుడు 5ని పక్కన పెట్టాడు. ఎంత బుద్ధిగా ఉందో చూడండి! యంత్రంలా జవాబు రాసేయలేదు. అది దేని గురించిన లెక్కో వెనక్కి వెళ్ళి చూశాడు.

1600 ప్రాంతంలో ఆ బీజగణితానికి వ్యాఖ్య రాసిన కృష్ణ దైవజ్ఞుడు ఋణం అంటే ఏమిటని విచారించాడు. దేశంలో, కాలంలో, వస్తువులో వైపరీత్యమే ఋణత్వమని వివరించాడు. తూర్పుకి నడక ధనమైతే పడమటికి నడక ఋణం అన్నమాట. ఊరికే చెప్పి ఊరుకోలేదు, గుర్తుల నియమాలకి ఉపపత్తి, అంటే కారణం, చూపించాడు. మన సంప్రదాయంలో 'ఎందుకు' అని అడగకూడదన్నది ఎవరు? నాలుగు వందల ఏళ్ళ క్రితం సంస్కృతంలోనే అడిగి, సంస్కృతంలోనే జవాబు చెప్పుకున్నారు.

తెలుగువాళ్ళకి ఇంకో ముక్క. మనకి గణితాన్ని పద్యాల్లో తెచ్చిపెట్టినవాడు పావులూరి మల్లన. ఆయన తెనిగించింది మహావీరాచార్యుడి 'గణితసారసంగ్రహం'. మహావీరుడు జైనుడు. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోని మతం వాడు. ఋణసంఖ్య ఏ సంఖ్యకీ వర్గం కాదు కనక దానికి వర్గమూలం లేదని కారణంతో సహా చెప్పినవాడు. మన తాతలు లెక్కలు ఈయన దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

ఇంతమందిని చాపకింద నెట్టి, ఊరూ పేరూ లేని 'ఋషుల'కి పల్లకీ మోస్తున్నది ఎవరు? మేమా? 1965లో అచ్చయిన పుస్తకాన్ని వేదమని అమ్ముతున్న మీరా? దేశభక్తి పేరుతో దేశం నిజంగా సాధించినదాన్ని మరిపించడం కంటే పెద్ద ద్రోహం ఏముంది?

వేగం ఎవరికి కావాలి?

"పుట్టుక ఎలాంటిదైతేనేం మాస్టారూ, పిల్లలకి వేగం వస్తోంది కదా?" అని మా పక్కింటాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జేబులో ఫోనున్న కాలంలో 98 × 97 వేగంగా చేయడం ఒక సరదా. సరదాగా నేర్పితే నాకేం అభ్యంతరం లేదు. చదరంగం నేర్పినట్టు నేర్పండి. కానీ వేదం అన్న ముద్ర వేసి, ఋషి అన్న భయం పెట్టి, ప్రశ్నని నొక్కేసి నేర్పితే అది చదువు కాదు, దీక్ష.

ఇది ఒక హాలుతో ఆగే విషయమూ కాదు. 2025 ఆగస్టులో యూజీసీ విడుదల చేసిన డిగ్రీ గణిత ముసాయిదా పాఠ్యప్రణాళికలో 'భారతీయ బీజగణితం' అనే అంశం కింద ఈ 'పరావర్త్య యోజయేత్' సూత్రమే ప్రత్యక్షమైంది. ముసాయిదాని వెనక్కి తీసుకోమని వందలాది గణితజ్ఞులు, పరిశోధకులు కోరారు. భారతీయ బీజగణితం డిగ్రీలో పెట్టండి, చాలా సంతోషం. బ్రహ్మగుప్తుడిని పెట్టండి, భాస్కరుడిని పెట్టండి, కృష్ణ దైవజ్ఞుడి ఉపపత్తులు పెట్టండి. స్వామివారి సూత్రాన్ని వాళ్ళ పక్కన కూర్చోబెట్టకండి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976 నుంచి రాజ్యాంగంలో ఉంది. ఆ విధి పాఠ్యప్రణాళికలు రాసేవాళ్ళకి వర్తించదా?

ఇక మన హేతువాద మిత్రులకీ ఒక మాట. బాబాల గుట్టు రట్టు చేయడం మనకి బాగా వచ్చు. కానీ మూఢత్వం గుళ్ళోనే పుట్టదు. "ఇలా చెయ్యి, ఎందుకని అడక్కు" అని మొదటిసారి పిల్లవాడు వినేది చాలాసార్లు లెక్కల క్లాసులోనే. అక్కడ అలవాటు పడ్డవాడికి తర్వాత తాయెత్తు కట్టడం ఎంతసేపు? నేను ముప్పై ఏళ్ళు ఆ పని చేశాను. ఉపాధ్యాయులైన మిత్రులు ఇంకా చేస్తుంటే దయచేసి ఆపండి.

క్లాసయ్యాక బయట టీ బడ్డీ దగ్గర ఒక కాగితం మీద కుర్రాడికి ఆ తక్కెడ లెక్క, కుర్చీల బొమ్మ వేసి చూపించాను. పది నిమిషాలు పట్టింది. వాడు కాగితం లాక్కుని కింద −3య = −12 అని తనే రాసుకుని, కాసేపు పెదవి కొరుక్కుని "ఇప్పుడు నాలుగే" అన్నాడు. "ఎవరు చెప్పారురా?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు మాస్టారూ. పెట్టి చూశాను."